తక్కువ జీఐ తిండితో బరువు అదుపు: ఏం మార్చాలి, ఏ వరసలో మార్చాలి

జీఐ అంటే గ్లైసీమిక్ ఇండెక్స్, ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె. తక్కువ జీఐ తిండి గురించి అడిగేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఒక లిస్టు. ఏది తినొచ్చు, ఏది మానేయాలి, అంతే. లిస్టు ఇస్తాను, కింద ఉంది. కానీ అది ఒక్కటే పట్టుకుని మొదలుపెట్టినవాళ్లు కొన్ని వారాలకే మళ్లీ అడిగే ప్రశ్న కూడా ఒకటే: "అన్నీ తక్కువ జీఐవే తింటున్నా, బరువు మాత్రం దిగట్లేదు, ఎందుకు?"

ఎందుకంటే పిండి పదార్థాల్లో ఏది ఎంచుకోవాలో జీఐ చెబుతుంది, ఎంత తినాలో చెప్పదు. తిన్న కేలరీలు ఖర్చయ్యే కేలరీల కంటే తగ్గితేనే బరువు తగ్గుతుంది, ఇందులో మార్పు లేదు. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో (జరిగిన వైద్య పరీక్షలన్నీ కలిపి బేరీజు వేసే సమీక్ష) కూడా మిగతా డైట్లతో పోలిస్తే తక్కువ జీఐ డైట్ వల్ల బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరి దీంతో పనేముంది అంటే, ఆకలి. పప్పులు, గింజధాన్యాలు, పీచున్న కూరగాయలు నెమ్మదిగా అరుగుతాయి, చాలామందికి తిన్న రెండు గంటలకే మళ్లీ ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న లాగుడు తగ్గుతుంది, అప్పుడు కొంచెం తక్కువ తినడం కష్టంగా అనిపించదు. మీరు వాడుకోవాల్సింది ఆ వెసులుబాటునే. కింద చెప్పిన వరస అంతా దానికోసమే, కాబట్టి మధ్యలోంచి మొదలుపెట్టకండి.

1. ముందుగా: ఎవరు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి

ఇది ఎక్కువమంది దాటేసే భాగం, అందుకే ముందే పెట్టాను.

- ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, లేదా చక్కెరను బాగా దించే మాత్రలు (సల్ఫోనైల్‌యూరియా రకం) వాడేవాళ్లు. తిండి మారితే డోసు కూడా మార్చాల్సి రావొచ్చు, లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది.
- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. పప్పులు, బీన్స్, నట్స్‌లో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి, మీకు ఎంతవరకు పర్వాలేదో డాక్టరే చెప్పాలి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు. వీళ్లు బరువు తగ్గించుకునే ప్రయత్నం సొంతంగా చేయకూడదు.
- తిండి విషయంలో ఇదివరకు తీవ్రమైన భయం, మానేయడం, అతిగా తినేయడం లాంటి ఇబ్బందులు పడినవాళ్లు. అంకెలు లెక్కపెట్టే ఏ పద్ధతీ మీకు మంచిది కాదు.

ఇంకో మాట, షుగర్ ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి వచ్చే విషయం ఇది. షుగర్ పడిపోయి చెమటలు పట్టి, వణుకు వస్తున్నప్పుడు తక్కువ జీఐ గురించి ఆలోచించకండి. అప్పుడు కావలసింది వెంటనే రక్తంలోకి వెళ్లే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార, 15 నిమిషాల తర్వాత మళ్లీ టెస్ట్. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది.

2. రెండు అంకెలు అర్థం చేసుకోండి, మూడోది అక్కర్లేదు

మొదటిది జీఐ. 50 గ్రాముల పిండి పదార్థం అందేంత ఆహారం తిన్నాక రెండు గంటల్లో రక్తంలో చక్కెర ఎంత పెరిగిందో చూస్తారు, అదే 50 గ్రాముల గ్లూకోజ్‌తో పెరిగినదాన్ని 100 అనుకుని పోలుస్తారు. 55 వరకు తక్కువ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 ఆపైన ఎక్కువ. మాంసం, చేప, గుడ్డు, నూనెలకు జీఐ అంటూ ఉండదు, వాటిలో పిండి పదార్థమే లేదు లేదా లెక్కలోకి రానంత తక్కువ.

రెండోది జీఎల్, అంటే గ్లైసీమిక్ లోడ్. ఇది మీరు నిజంగా తినే పరిమాణాన్ని లెక్కలోకి తెస్తుంది. జీఐని ఆ వడ్డనలోని పిండి పదార్థం గ్రాములతో గుణించి 100తో భాగించాలి. 10 వరకు తక్కువ, 11 నుంచి 19 మధ్యస్థం, 20 ఆపైన ఎక్కువ.

ఒక లెక్క చేసి చూద్దాం. వండిన తెల్లన్నం 150 గ్రాముల్లో పిండి పదార్థం సుమారు 42 గ్రాములు, జీఐ 73, అంటే జీఎల్ దాదాపు 30. అదే 150 గ్రాముల ఉడికించిన శనగల్లో పీచు తీసేస్తే పిండి పదార్థం 30 గ్రాములు, జీఐ 28, అంటే జీఎల్ 8 చిల్లర. పుచ్చకాయ జీఐ 76, చూడగానే భయం వేస్తుంది, కానీ 120 గ్రాముల ముక్కలో ఉండేది ఎక్కువగా నీళ్లే కాబట్టి జీఎల్ 10 లోపే. పుచ్చకాయ మానేయాల్సిన పని లేదు.

ఇప్పుడు లిస్టు. ఇవి చాలా పరీక్షల సగటులు, రకాన్నిబట్టి, వండిన తీరునిబట్టి మారతాయి, కాబట్టి రెండు మూడు పాయింట్ల తేడా గురించి బుర్ర పాడుచేసుకోకండి.

- తక్కువ: సోయా గింజలు 16, రాజ్మా 24, శనగలు 28, బార్లీ 28, మసూర్ లాంటి పప్పులు 32, ఆపిల్ 36, పాలు 39, ఉడికించిన క్యారెట్ 39, నారింజ 43, స్పగెట్టి 49, అరటిపండు 51, మామిడి 51, మొక్కజొన్న 52, మామూలు ఓట్స్ జావ 55
- మధ్యస్థం: అనాస 59, తేనె 61, ఉడికించిన చిలగడదుంప 63, పంచదార 65, పాప్‌కార్న్ 65, దంపుడు బియ్యం అన్నం 68
- ఎక్కువ: తెల్లన్నం 73, గోధుమ బ్రెడ్ 74, తెల్ల బ్రెడ్ 75, ఉడికించిన బంగాళాదుంప 78, ఇన్‌స్టంట్ ఓట్స్ 79, కార్న్‌ఫ్లేక్స్ 81

ఈ లిస్టులో ఒక జత దగ్గర ఆగండి. గోధుమ బ్రెడ్, తెల్ల బ్రెడ్ దాదాపు సమానం. గోధుమ బ్రెడ్‌లో పీచు, విటమిన్లు ఎక్కువే, దాన్నే కొనండి, కానీ మెత్తగా మరపట్టిన పిండి ఏ రంగులో ఉన్నా త్వరగానే అరుగుతుంది. గింజ ఎంత మొత్తంగా ఉంటే అంత నెమ్మది. ఓట్స్‌లో కనిపించే తేడా కూడా అదే.

3. నాలుగు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి

మూడు మామూలు రోజులు, ఒక సెలవు రోజు. ఏం తిన్నారు, ఎంత, ఎన్ని గంటలకి, మళ్లీ ఆకలి ఎప్పుడు వేసింది. ఆఖరిది చాలామంది రాయరు, మనకి పనికొచ్చేది అదే.

వంటింటి తూకం ఉంటే బావుంటుంది. లేకపోతే ఒకే కప్పు, ఒకే స్పూను వాడండి, కొలత ఒకేలా ఉంటే చాలు. నూనె మాత్రం సీసాలోంచి నేరుగా ఒంపకుండా స్పూనుతో వేయండి, ఒక చిన్న స్పూను నూనె అంటే సుమారు 40 కేలరీలు.

నాలుగో రోజు రాత్రి ఆ కాగితం ముందు పెట్టుకుని రెండు పనులు చేయండి:

- రోజూ కనిపించే పిండి పదార్థాల్లో పరిమాణంలో పెద్దవి మూడు గుర్తు పెట్టండి. అన్నం, బ్రెడ్, తీపి కలిపిన టీ, ఏదైనా కావచ్చు.
- తిన్న రెండున్నర గంటల లోపే ఆకలి వేసిన భోజనాల పక్కన గీత పెట్టండి.

గీత పడిన భోజనంలో ఆ మూడింట్లో ఒకటి ఉంటే, మీ పని అక్కడ మొదలవుతుంది. ఎక్కువమందికి అది ఉదయం టిఫినే అవుతుంది.

4. ఒకసారి ఒక్కటే మార్చండి

అన్నీ ఒకేసారి మార్చినవాళ్లు ఎక్కువకాలం నిలబడరు, పైగా ఏది పనిచేసిందో కూడా తెలియదు. వారానికి ఒక మార్పు చాలు.

- కార్న్‌ఫ్లేక్స్, ఇన్‌స్టంట్ ఓట్స్ తింటుంటే మామూలు ఓట్స్‌కి మారండి. పొడి ఓట్స్ 40 గ్రాములు ఒక మనిషికి సరిపోతుంది, పాలు లేదా పెరుగు, గుప్పెడు పండ్ల ముక్కలు కలపండి.
- తెల్లన్నం మొత్తం మానకండి. కొంత తీసి ఆ చోట పప్పు, బీన్స్ లేదా బార్లీ పెట్టండి.
- మెత్తటి బ్రెడ్ బదులు గింజలు పళ్ల కింద తగిలే దట్టమైన బ్రెడ్, లేదా పులియబెట్టిన సవర్‌డో.
- జ్యూస్ బదులు పండు.
- పంచదార కలిపిన డ్రింకులు బదులు నీళ్లు. ఈ ఒక్కటీ జీఐతో సంబంధం లేకుండానే బరువు తగ్గిస్తుంది.

రెండో మార్పు దగ్గర జాగ్రత్తగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వండిన అన్నం 100 గ్రాముల్లో 130 కేలరీలు ఉంటే, ఉడికిన శనగలు 100 గ్రాముల్లో 160 దాటుతాయి. అంటే కప్పు అన్నం తీసేసి కప్పు శనగలు పెడితే జీఐ పాతాళానికి పడిపోతుంది, కేలరీలు మాత్రం పెరుగుతాయి. 150 గ్రాముల అన్నం తినేవాళ్లు దాన్ని 75 గ్రాములకి తగ్గించి 60 గ్రాముల శనగలు కలిపితే కేలరీలు దాదాపు అంతే ఉంటాయి, పీచు నాలుగు గ్రాములకు పైగా పెరుగుతుంది. మసూర్ లాంటి పప్పులు 116 కేలరీల దగ్గరే ఉంటాయి కాబట్టి వాటితో ఈ లెక్క ఇంకా తేలిక.

బంగాళాదుంప సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దాన్నే తీసి పారేస్తారు. 1995లో సిడ్నీ యూనివర్సిటీలో 38 రకాల ఆహారాలు ఒకే కేలరీల మోతాదులో పెట్టి ఏది ఎంతసేపు కడుపు నిండుగా ఉంచుతుందో చూశారు, తెల్ల బ్రెడ్‌ని 100 అనుకుంటే ఉడికించిన బంగాళాదుంపకి 323 వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ. జీఐ ఎక్కువే, అయినా కడుపు నింపింది. వేపుడు కాకుండా ఉడికించి, పక్కన బీన్స్, కూరగాయలు పెట్టుకుంటే అది మీ ప్లేటులో ఉండొచ్చు. అంకె ఒక్కటే చూసి ఏ ఆహారాన్నీ శత్రువు చేసుకోకండి.

5. కొనేటప్పుడు లేబుల్ చదివే వరస

ప్యాకెట్ ముందువైపు రాసినవి వదిలేయండి. "మల్టీగ్రెయిన్" అంటే రకరకాల గింజలు ఉన్నాయని మాత్రమే, గింజ మొత్తంగా ఉందని కాదు. వెనక్కి తిప్పి ఇలా చూడండి.

- పదార్థాల పట్టికలో మొదటి పేరు ఏంటి? బరువులో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. మొదట శుద్ధి చేసిన పిండి, రెండోది చక్కెర అయితే అక్కడే పెట్టేయండి.
- 100 గ్రాములకి పీచు ఎంత? 6 గ్రాములు దాటితే మంచిది, 3 లోపు అయితే ఆలోచించండి.
- పిండి పదార్థం గ్రాములని పీచు గ్రాములతో భాగించండి. బ్రెడ్, సీరియల్స్‌లో 10 లేదా అంతకంటే తక్కువ వస్తే తీసుకోవచ్చు.
- చివరగా వడ్డన పరిమాణం. ప్యాకెట్ మీద 30 గ్రాములు అని ఉంటుంది, గిన్నెలో పోసుకునేది 60 ఉంటుంది.

"షుగర్ ఫ్రీ" బిస్కెట్లలో పిండి అలాగే ఉంటుంది. కొన్నిట్లో చక్కెర బదులు మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి వాడతారు, ఎక్కువ తింటే విరేచనాలు అవుతాయి.

6. వండే తీరు: ఒకే సరుకు, వేరే ఫలితం

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. పైసా ఖర్చు లేకుండా తేడా తెచ్చే భాగం ఇది.

పాస్తా: పూర్తిగా మెత్తబడకముందే, కొరికితే మధ్యలో కొంచెం గట్టిగా తగిలేటప్పుడు దించేయండి. ఎక్కువ ఉడికితే పిండి బాగా ఉబ్బి త్వరగా అరిగిపోతుంది.

బియ్యం: వండాక మెతుకులు విడివిడిగా ఉండే పొడవు రకాల్లో సాధారణంగా అమైలోజ్ అనే పిండి ఎక్కువ, అది నెమ్మదిగా అరుగుతుంది. ముద్దగా అతుక్కునే రకాల్లో అమైలోపెక్టిన్ ఎక్కువ, అది త్వరగా అరుగుతుంది. దంపుడు బియ్యం అనగానే జీఐ బాగా తగ్గిపోతుందనుకోకండి, పై లిస్టులో 68 ఉంది చూడండి. పీచు కోసం దాన్ని తినండి, పరిమాణం మాత్రం కొలవండి.

చల్లార్చిన అన్నం, బంగాళాదుంప: వండాక ఫ్రిజ్‌లో చల్లబరిస్తే పిండిలో కొంత భాగం మళ్లీ గట్టిపడి, చిన్నపేగుల్లో అరగని పిండిగా మారుతుంది. తిరిగి వేడి చేసినా ఇందులో కొంత నిలుస్తుంది. తేడా చిన్నదే, దీని మీదే ఆధారపడి రెండు కప్పులు ఎక్కువ తినేయకండి. ఇంకా ముఖ్యమైన సంగతి, అన్నాన్ని గది వేడిమిలో గంటల తరబడి వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది, అది మళ్లీ వేడి చేసినా పోదు. వండిన గంటలోపు పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, ఒక రోజులోపు తినేయండి, పొగలు వచ్చేదాకా ఒకేసారి వేడి చేయండి.

ఎండు బీన్స్, శనగలు: 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించండి. రాజ్మాని తప్పకుండా కనీసం 10 నిమిషాలు తెర్లుతున్న నీళ్లలో ఉడికించాలి, పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్లో నేరుగా వేయడం ప్రమాదం, అక్కడ వేడి సరిపోదు. టైం లేనివాళ్లు డబ్బాలో వచ్చేవి వాడుకోవచ్చు, నీళ్లతో కడిగితే ఉప్పు కొంత పోతుంది.

పులుపు: భోజనంలో నిమ్మరసం, వెనిగర్ లాంటివి ఒకటి రెండు స్పూన్లు ఉంటే చక్కెర పెరిగే వేగం కొంత తగ్గుతుంది. సలాడ్ మీద చల్లుకుంటే చాలు, పరగడుపున గ్లాసులో కలుపుకుని తాగి పళ్లు, కడుపు పాడుచేసుకోవద్దు.

అరటిపండు: కాస్త పచ్చిదనం ఉన్నప్పుడు జీఐ తక్కువ, మచ్చలు పడి మగ్గేకొద్దీ పెరుగుతుంది.

7. ప్లేటు సర్దుకునే కొలత

ప్రతి పూటా తూకం వేయడం ఎవరివల్లా కాదు. మొదటి రెండు వారాలు తూచండి, కంటికి అలవాటు పడ్డాక ఈ కొలత చాలు:

- ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు (బంగాళాదుంప ఈ సగంలోకి రాదు)
- పావు వంతు ప్రొటీన్: గుడ్లు, చేప, చికెన్, పనీర్, టోఫు, చిక్కటి పెరుగు
- పావు వంతు పిండి పదార్థం, పైన మార్చుకున్నది
- నూనె ఒకటి రెండు చిన్న స్పూన్లు

పప్పులు, బీన్స్ ప్రొటీన్ కిందకీ వస్తాయి, పిండి పదార్థం కిందకీ వస్తాయి. అవే మీ ప్రొటీన్ అయితే అన్నం మామూలు కంటే ఇంకొంచెం తగ్గించండి, లేకపోతే రెండు వైపులా పిండే అవుతుంది.

రోజుకి పీచు కనీసం 25 గ్రాములు, కూరగాయలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములు, ఇది పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఇప్పుడు మీరు 10 గ్రాముల దగ్గర ఉంటే ఒక్కసారిగా 30కి వెళ్లకండి, కడుపు ఉబ్బరం, గ్యాస్‌తో నాలుగో రోజుకే విసుగు వస్తుంది. వారానికి నాలుగైదు గ్రాముల చొప్పున పెంచుతూ నీళ్లు ఎక్కువ తాగండి.

8. తినే వరస, తిన్నాక చేసే పని

ముందు కూరగాయలు, తర్వాత ప్రొటీన్, ఆఖరున అన్నమో బ్రెడ్డో. ఇలా తింటే అదే భోజనానికి చక్కెర పెరుగుదల తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. బరువు వైపు నుంచి చూస్తే దీనికి ఇంకో లాభం ఉంది, అన్నం దగ్గరికి వచ్చేసరికి సగం కడుపు నిండి ఉంటుంది. అన్నీ కలిపి వండుకునే వంటకమైతే ముందు ఒక గిన్నె సలాడ్ తినండి, అదీ పనిచేస్తుంది.

తిన్నాక 10, 15 నిమిషాలు నడవండి. కండరాలు రక్తంలోని చక్కెరని అప్పటికప్పుడు వాడుకుంటాయి.

ఉదయం పప్పులు, బీన్స్ తిన్నవాళ్లకి మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా చక్కెర తక్కువగా పెరుగుతుంది. అందుకే నాలుగో మెట్టులో ఒక్క భోజనమే మార్చగలను అంటే, ఉదయందే మార్చమంటాను.

9. తరచూ చేసే తప్పులు, సరిచేసే దారి

తక్కువ జీఐ కదా అని చిరుతిండి పెరగడం. చాక్లెట్ జీఐ 40, ఐస్‌క్రీమ్ 51, బంగాళాదుంప చిప్స్ 56. ఉడికించిన దుంప కంటే చిప్స్ "మంచిది" అని ఈ అంకెలు చెబుతున్నట్టు కనిపిస్తుంది కానీ, అక్కడ జీఐ తగ్గించింది కొవ్వు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము పిండి పదార్థానికి 4. కొవ్వుతో జీఐ తగ్గిన ప్రతిదాన్నీ పక్కన పెట్టండి.

నట్స్ డబ్బా ఎదురుగా పెట్టుకోవడం. నట్స్ మంచివే, 30 గ్రాములంటే 170 నుంచి 200 కేలరీల దాకా. ఒక చిన్న గిన్నెలోకి తీసుకుని డబ్బా లోపల పెట్టేయండి.

జ్యూస్ జీఐ చూసి మోసపోవడం. నారింజ రసం జీఐ 50, తక్కువ కిందే వస్తుంది. కానీ గ్లాసుడు రసానికి రెండు మూడు పండ్లు పడతాయి, పీచు వెళ్లిపోతుంది, నమలడం లేదు కాబట్టి కడుపు నిండినట్టు కూడా ఉండదు.

పంచదార మాని తేనె. 65 నుంచి 61కి, అంతే. రెండూ చక్కెరలే, లెక్క ఒకటే.

పిండి పదార్థం పూర్తిగా మానేయడం. ఇది వేరే పద్ధతి, ఈ పద్ధతి కాదు. అలా చేసి వారం చివర్లో ఒకేసారి ఎక్కువ తినేసేవాళ్లు చాలామంది. పావు వంతు ప్లేటు ఉంచండి.

అందరికీ ఒకే అంకె వర్తిస్తుందనుకోవడం. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 800 మందిని పరిశీలిస్తే, ఒకే ఆహారానికి ఒక్కొక్కరిలో చక్కెర ఒక్కోలా పెరిగింది. లిస్టులో తక్కువ ఉన్నది తిన్నా మీకు గంటన్నరకే ఆకలి వేస్తోందంటే, మీ ఆకలిని నమ్మండి, ఆ చోట వేరేది పెట్టి చూడండి.

రాత్రి ఆకలి ఆగకపోవడం. ఎక్కువసార్లు కారణం రాత్రి భోజనంలో ఉండదు, పగలు ప్రొటీన్ చాలకపోవడంలో ఉంటుంది. మధ్యాహ్నం ప్లేటులో ఆ పావు వంతు నిజంగా ఉందా చూసుకోండి.

10. బరువు చూసుకోవడం, ఆగిపోయినప్పుడు చేయాల్సింది

ఉదయం లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. రోజూ చూసినా పోల్చేది మాత్రం వారం సగటునే. మొదటి వారం ఒకేసారి ఒకటిన్నర రెండు కిలోలు తగ్గితే అది ఎక్కువగా నీరు, ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ (పిండి పదార్థం నిల్వ రూపం) ప్రతి గ్రాముకీ సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, పిండి పదార్థం తగ్గగానే అది పోతుంది. రెండో వారం బరువు అంతగా దిగలేదని టెన్షన్ పడాల్సిందేమీ లేదు. అక్కడినుంచి వారానికి అర కిలో తగ్గితే బాగా సాగుతున్నట్టే.

రెండు వారాలకోసారి నడుము కూడా కొలవండి. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టి, గాలి వదిలాక చూడాలి. బరువు ఆగినా నడుము తగ్గుతుంటే ఏమీ మార్చకండి.

మూడు వారాల పాటు రెండూ కదలకపోతే ఈ వరసలో వెతకండి:

- మళ్లీ మూడు రోజులు రాసి, తూచండి. కంటి కొలత మెల్లగా పెరిగిపోయి ఉంటుంది, సగంమందికి పైగా సమాధానం ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం.
- నూనె, నట్స్, చీజ్, డ్రింకులు. జీఐ లిస్టులో కనిపించని కేలరీలన్నీ ఇక్కడే.
- శని, ఆదివారాలు.
- ఇవన్నీ సరిగ్గా ఉంటే పిండి పదార్థం వడ్డనలో నాలుగో వంతు తగ్గించి, ఆ చోట కూరగాయలు పెంచండి. బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన కేలరీలు కూడా తగ్గుతాయి కాబట్టి, మొదట్లో సరిపోయిన వడ్డన ఇప్పుడు కొంచెం ఎక్కువ కావడం సహజం.
- కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టారా, విపరీతమైన నీరసం ఉందా? అయితే తిండి ఇంకా తగ్గించకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

11. అనుకున్న బరువు వచ్చాక

ఈ పద్ధతికి అసలు బలం ఇక్కడ కనిపిస్తుంది. 2010లో వెలువడిన డయోజీన్స్ అనే యూరప్ అధ్యయనంలో, ముందే బరువు తగ్గినవాళ్లని రకరకాల డైట్ల మీద ఉంచి 26 వారాలు చూశారు. ప్రొటీన్ కొంచెం ఎక్కువ, జీఐ కొంచెం తక్కువ ఉన్న తిండి తిన్నవాళ్లు తగ్గిన బరువును మిగతావాళ్ల కంటే బాగా నిలబెట్టుకున్నారు.

కాబట్టి మార్చుకున్న సరుకుల్ని వెనక్కి మార్చకండి, పరిమాణం మాత్రం పెంచుకోండి. రోజుకి 100 నుంచి 150 కేలరీలు, అంటే ఇంకో చిన్న వడ్డన పప్పు లేదా ఒక పండు, కలిపి రెండు వారాలు ఆగండి. బరువు ఇంకా తగ్గుతుంటే మరో 100 కలపండి, నిలకడగా ఉంటే అక్కడే ఆపండి. వారం సగటు ఎప్పుడైనా రెండు కిలోలు పైకి వెళితే, అది ఐదు కిలోలు అయ్యేదాకా చూడకుండా, మూడో మెట్టులో చెప్పినట్టు నాలుగు రోజులు మళ్లీ రాసుకోండి.